కారణం లేని సున్నా

కిందటి వారం కోడల్ని మనం చేతిలో నలభై ఆరు కాగితాల కట్టతో ఇంటి మెట్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అక్కడే నిలబడి ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ఆమెను లోపలికి తీసుకెళదాం.

ఆమె పనిచేసే సంస్థలో యంత్రాలుండవు, బల్లలూ కాగితాలూ నల్లబల్లలూ ఉంటాయి. అణువులోని కణాలు ఎలా మసలుకోవాలో అక్కడ లెక్కగట్టి చెబుతారు. అవి అలా మసలుకుంటున్నాయో లేదో వేరేచోట ఉండే యంత్రం వాళ్ళు చూస్తారు. ఆ సంస్థకు పెద్దాయన ఆమెకు స్వయానా మామగారు. ఆమె ఇంటర్వ్యూ రోజున ఆయన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్ళిపోయాడని, ఆమె వెళ్ళేదాకా తిరిగి రాలేదని అందరికీ తెలుసు. అయినా చాటున ఆమెను 'కోడలుపిల్ల' అనడం మానలేదు.

ముప్పై ఒక్కేళ్ళ కిందట పెద్దాయన, ఆయన బావమరిది కలిసి ఒక సూత్రం కట్టారు. ఒకానొక కణం విరిగిపోయే తీరులో ఇసుమంత పెరుగుదల కనిపించాలని అది చెబుతుంది. చెరి సగం లెక్క చేసి కలిపారు కాబట్టి 'రెండు సగాల సూత్రం' అన్న పేరు స్థిరపడింది. అచ్చయిన నెలలోనే ఇద్దరికీ చెడింది. బావమరిది ఆ శాస్త్రానికో దణ్ణం పెట్టి, ఎక్కడో బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ ఉండిపోయాడు. ఎందుకు చెడిందని ఇంట్లో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఇన్నాళ్ళకు ఆ ఇసుమంతను పట్టుకోగల యంత్రం తయారైంది. దాన్ని మూడేళ్ళపాటు ఈ సూత్రానికి కేటాయించాలా, వరసలో ఉన్న రెండో బృందానికి ఇవ్వాలా అన్నది ఇవాళ సాయంత్రం నాలుగింటికి తేలుస్తారు. పెద్దాయన మాట్లాడాలి, యంత్రం వాళ్ళు వినాలి.

సరిగ్గా ఈ వారంలోనే, పాత బీరువాలో ఆ బావమరిది చేతిరాత కట్ట కోడలి కంటపడింది. అందులో పదిహేడో పేజీలోని ఒక గుర్తు అచ్చులోకి తప్పుగా ఎక్కింది. దాన్ని దిద్దితే సూత్రం మొత్తం కలిపి సున్నా.

మధ్యాహ్నం రెండు దాటింది. ఇంటి వెనక గదిలో పెద్దాయన సాయంత్రం మాట్లాడాల్సింది గోడకున్న నల్లబల్లకు వినిపిస్తున్నాడు. పక్కగదిలో అత్తగారి కుట్టుమిషను టకటకమంటోంది.

"సర్" అంది కోడలు గుమ్మంలో నిలబడి.

ఈ ఇంట్లో ఒక ఏర్పాటుంది. సంస్థలో ఆయన 'సర్', ఇంట్లో 'మామయ్యగారు'. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ రెండూ ఎప్పుడూ ఒకదాని హద్దు ఒకటి దాటలేదు. సంస్థలో పొరపాటున మామయ్యగారూ అంటే ఆయన పలికేవాడు కాదు. ఇంట్లో సర్ అనే అవసరం ఆమెకు ఎన్నడూ రాలేదు. పెద్దాయన చేతిలో సుద్దముక్క ఆగిపోయింది.

"ఇంట్లో సర్ ఏంటమ్మా?"

"పని మీద వచ్చాను సర్. పది నిమిషాలు కావాలి."

"నాలుగింటికి సభ పెట్టుకుని ఇప్పుడా? రేపు చూద్దాంలే."

"రేపు చూసి లాభం లేదు."

ఆయన తలెత్తి ఆమె మొహం చూశాడు. బల్ల మీద పుస్తకాలు పక్కకు జరిపాడు. కోడలు పదిహేడో పేజీ పరిచింది. దాని పక్కనే అచ్చయిన పేపరు తీసి అనుబంధం దగ్గర తెరిచి పెట్టింది.

ఇక్కడ చిన్న సంగతి చెప్పకపోతే కథ నడవదు. ఈ లెక్కల్లో కాలానికీ స్థలానికీ ఎదురెదురు గుర్తులు పెట్టాలి. ఒకదానికి ప్లస్ అయితే రెండోదానికి మైనస్. ఏది దేనికి అన్నది ఎవరిష్టం వాళ్ళది. మేడలో కింది అంతస్తును కొందరు సున్నా అంటారు, కొందరు ఒకటి అంటారు చూశారూ, అచ్చం అలాంటిదే. ఎవరి లెక్క వాళ్ళకు సరిగ్గానే వస్తుంది. ఒకరి లెక్కన రాసిచ్చిన చిరునామా పట్టుకుని రెండోవారి లెక్కన మెట్లెక్కితే మాత్రం ఎవరి తలుపో తడతాం.

"మీరు మొదట్నించీ కాలానికి ప్లస్ సర్. బాబాయిగారు మైనస్."

"తెలుసు. వాణ్ణి మైనస్ అని పిలిచే ఏడిపించేవాళ్ళం."

ఆ నోట ఆ మనిషి ఊసు రావడం ఈ ఇంట్లో ఆమె విన్నది అదే మొదటిసారి. పక్కగదిలో కుట్టుమిషను ఆగింది.

"ఆయన సగాన్ని మీ పద్ధతిలోకి మార్చి మీ సగంతో కలిపారు. ప్రతిచోటా మార్చారు. ఈ ఒక్క వరసలో మాత్రం మారలేదు. ఆయన రాసింది రాసినట్టే ఎక్కేసింది. ఇది దిద్దితే ఆయన సగం మొత్తం తిరగబడుతుంది."

పెద్దాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పట్టుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. తర్వాత నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, సాయంత్రం కోసం రాసుకున్నదంతా తుడిచేసి, దిద్దిన గుర్తుతో రెండు సగాలనూ మళ్ళీ కలపడం మొదలుపెట్టాడు. కోడలు ఆయన వీపు వంక చూస్తూ నిలబడింది. తనే ఎక్కడో పప్పులో కాలేసి ఉంటే బావుండునని, ఆయన వెనక్కి తిరిగి "ఇదీ ఒక లెక్కేనా" అని చీవాట్లు పెడితే బావుండునని ఆమె మనసారా కోరుకుంది. పన్నెండు వరసలయ్యాయి. పదమూడో వరసలో రెండు సగాలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డాయి, మధ్యలో మైనస్. రెండూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే.

ఆయన సమాధానం రాయలేదు. సుద్దముక్క కింద పెట్టేశాడు.

"ఎన్నిసార్లు చూశావ్?"

"చేత్తో రెండుసార్లు. కంప్యూటర్లో ఒకసారి."

"ఎవరికి చెప్పావ్?"

"ఎవరికీ చెప్పలేదు. మీ అబ్బాయికి కూడా."

వాళ్ళబ్బాయి పళ్ళ డాక్టరు. ఇంట్లోవాళ్ళు విశ్వం గుట్టు విప్పుతుంటే తను ఊళ్ళోవాళ్ళ నోళ్ళు విప్పిస్తుంటానని అతనే చెప్పుకుంటాడు. అతనికి చెబితే మాత్రం ఏం బోధపడుతుంది గనక!

"ముప్పై ఒక్కేళ్ళు" అన్నాడు పెద్దాయన. "ఎన్ని వందలమంది దీన్ని వాడుకున్నారు. ఒక్కడికీ కనపళ్ళేదంటావా?"

"ఎవరూ సరిచూడలేదు సర్. మీది కాబట్టి."

అన్నాక నాలుక కరుచుకుంది కానీ మాట అప్పటికే వెళ్ళిపోయింది. ఆయన మొహం ఎర్రబడింది. కోపం మింగి, గొంతు తగ్గించి, పాఠం చెప్పేటప్పటి ధోరణిలోకి దిగాడు.

"సున్నా ఊరికే రాదమ్మాయ్. రెండు పెద్ద పెద్ద సంఖ్యలు ఒకదాన్నొకటి ఆఖరి ముక్కదాకా మింగేశాయంటే, వెనకాల ఏదో నియమం ఉండి వాటినలా పట్టి ఉంచాలి. ఏంటా నియమం?"

"నాలుగు రోజులుగా వెతికాను. దొరకలేదు."

"కారణం లేని సున్నాని నేను నమ్మను."

"మీరు నమ్మినా నమ్మకపోయినా అక్కడున్నది అదే కదా సర్."

పెద్దాయన వెళ్ళి తలుపు ఓరగా వేసి వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆమెను కూడా కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"సరే, ఒక మాట విను. ఈ పూటకి ఆగు. నన్ను మాట్లాడి రానీ. రేప్పొద్దున్నుంచి ఇద్దరం కూర్చుని నింపాదిగా చూద్దాం."

"నాలుగింటికి వాళ్ళు సరేనంటే యంత్రం మూడేళ్ళు మనది. మూడేళ్ళు రెండొందలమంది లేనిదాని కోసం వెతుకుతారు. అప్పుడేం చెబుతాం?"

"నీ సంగతి ఆలోచించుకున్నావా? నీ అయిదు పేపర్లూ దీని మీదే నిలబడ్డాయి. సోమవారం నీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు పైకి వెళుతోంది. ఇది కూలితే దాంతోపాటు అదీ కూలుతుంది. తెలుస్తోందా?"

"తెలుసు."

తెలియకేం. వారం రోజులుగా తిండి సయించనిది అందుకే. భయంగా ఉంది ఆమెకు, ఒప్పుకోవడానికి సిగ్గుపడేంత భయంగా ఉంది.

"నాకోసమే అయితే వద్దు సర్. ఇప్పటికే కోడలుపిల్ల అంటున్నారు. రేపు ఇది ఇంకెవరికో దొరికితే, మామగారి తప్పుని కోడలు కడుపులో పెట్టుకుని దాచిందంటారు. ఆ మాట నేను పడలేను. మీరూ పడకూడదు."

అంతే, అప్పటిదాకా అణిచిపెట్టుకున్న కోపం ఒక్కసారిగా కట్టలు తెంచుకుంది.

"ఎవరు పంపారు నిన్ను? వాడేనా? ఇన్నేళ్ళు కిమ్మనకుండా ఉన్న కాగితాలు ఇవాళే ఎందుకు బయటికొచ్చాయి? అచ్చయ్యేటప్పుడు తన పేరు ముందుండాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. దాని మీద అలిగి వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు ఊరుకున్నాడా? 'నన్ను మర్చిపోవద్దని చెప్పు' అని మీ అత్తయ్యతో కబురు పెట్టాడు. నేను మర్చిపోయేవాణ్ణా? రెండో పేరు వాడిదే కదా! అంత పేరు పిచ్చేంటి మనిషికి?"

"తమ్ముడు అలా అనలేదు."

ఓరగా ఉన్న తలుపు తెరుచుకుంది. అత్తగారు మెళ్ళో కొలత టేపుతో, వేళ్ళ సందున సూదితో గుమ్మంలో నిలబడి ఉంది. ఈ గదిలో లెక్కలు జరుగుతుండగా ఆవిడ గడప దాటడం అరుదు.

"ఏమనలేదు?" అన్నాడు పెద్దాయన విసుగ్గా.

"'నన్ను' అన్లేదు. అప్పట్లో మనకి ఫోనెక్కడిది, పక్కింటికి చేశాడు. గరగరమని సగం వినపడి చావలేదు. 'అక్కా, బావకి గుర్తు మర్చిపోవద్దని చెప్పు, గుర్తు ముఖ్యమని చెప్పు' అన్నాడు. అలిగి వెళ్ళినవాడు గుర్తు గుర్తు అంటుంటే నేనేమనుకుంటాను? తనని గుర్తుపెట్టుకోమంటున్నాడు కాబోలనుకున్నా. వచ్చి మీకు అదే చెప్పా."

కోడలికి అప్పుడు తట్టింది. ప్లస్సయినా గుర్తే, మైనస్సయినా గుర్తే. మనిషి జ్ఞాపకమూ గుర్తే. లెక్కలవాడు చెప్పిన గుర్తు అక్క చెవిన పడేసరికి ఇంకో గుర్తయి కూర్చుంది.

"మీరేమన్నారు మామయ్యగారూ?" అంది. సర్ అనడం మర్చిపోయిన సంగతి ఆమె గమనించలేదు.

ఆయనకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. "ఏమంటాను? ఒళ్ళు మండి, నాకెవరూ గుర్తు చెయ్యక్కర్లేదని చెప్పమన్నాను."

"మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాడు" అంది అత్తగారు. "'మీ బావ గుర్తు అక్కర్లేదన్నారు' అని చెప్పాను. 'నిజంగా ఆ మాటే అన్నాడా అక్కా' అని అడిగాడు. ఆ మాటే అన్నారన్నాను. పెట్టేశాడు. ఇంక ఆ తర్వాత వాడు మీ ఊసెత్తలేదు, మీరు వాడి ఊసెత్తలేదు."

తప్పు ఉందని కబురు పెడితే, గుర్తు ఎలా ఉంటే ఏంటి, అక్కర్లేదు పొమ్మని బావ అన్నాడనుకున్నాడు ఆ మనిషి. లెక్కే ప్రాణంగా బతికేవాడికి అంతకంటే నీచమైన మాట ఉండదు. ఆ మాట విన్నాక ఆయన మళ్ళీ ఈ లెక్కల జోలికి రాకపోవడంలో వింతేముంది?

"వాడు నన్ను దొంగనుకున్నాడు" అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "నేను వాణ్ణి పేరు పిచ్చోడనుకున్నాను."

"మీ ఇద్దరి చదువూ తగలెయ్య!" అంది అత్తగారు. ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు. "ఆ ఏడ్చేదేదో ప్లస్సు మైనస్సు చూసుకోమను అని ఏడవచ్చు కదా వాడు! మీరైనా ఏ గుర్తు అని అడక్కూడదూ? మధ్యలో నన్ను పెట్టి ముప్పై ఏళ్ళు చంపారు."

పెద్దాయన లేచాడు. గడియారం మూడు చూపిస్తోంది.

"ఫోన్ తియ్యమ్మా. యంత్రం వాళ్ళ పెద్దావిడకి మెయిల్ రాయి, నా పేరుతో. రెండు సగాల సూత్రంలో గుర్తు తప్పుంది. దిద్దితే ఫలితం సున్నా. యంత్రం సమయం మాకు అక్కర్లేదు. తప్పు నాది."

"ఇద్దరిదీ కదా?"

"కలిపింది నేను. నాది అనే రాయి."

ఆమె రాసింది. రాసి, చదివి వినిపించింది. పంపే మీట మీదికి వేలు వెళ్ళలేదు. ఆయన జీవితం, తన ఉద్యోగం రెండూ ఆ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. పెద్దాయన వంగి, తన వేలితో తనే నొక్కేశాడు. ఇంతకుముందు ఈ పూటకి ఆగమని బతిమాలిన మనిషి ఈయనేనా అనిపించింది ఆమెకు. ఏడుపొచ్చింది, గర్వంగానూ ఉంది.

"నీ దగ్గర నంబరుందా వాడిది?" అని భార్యను అడిగాడు.

"లేకేం. నెలనెలా మాట్లాడుతూనే ఉన్నా. మీకు చెప్పాలా ఏంటి?" అంటూనే ఆవిడ నంబరు నొక్కి, అందరికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టింది.

"చెప్పక్కా" అంది అవతలి గొంతు. వెనకనుంచి పిల్లల గోల, బెంచీ ఈడ్చిన చప్పుడు.

"అక్క కాదు. నేను."

గోల మెల్లగా దూరమైంది. ఎక్కడో తలుపు మూసిన శబ్దం వినిపించింది.

"చెప్పు బావా."

వేలమంది ముందు తడుముకోకుండా మాట్లాడే పెద్దాయన ఆ రెండు మాటలకే తడబడిపోయాడు. "నువ్వు ఆ రోజు గుర్తు గురించి కబురు పెట్టావట. నాకది వేరేగా అందింది. నేనన్నది నీకు వేరేగా అందింది. ఇవాళే తెలిసింది నాకు. తప్పు నిజమే. పదిహేడో పేజీ. మా కోడలు పట్టుకుంది."

"పదిహేడా?"

"నీ మైనస్సుని మార్చకుండా ఎక్కించేశాను."

"పదిహేడు సంగతి నాకు తెలీదు బావా. అచ్చయ్యాక నేను దాని మొహం చూళ్ళేదు. నేను చెప్పిన గుర్తు అది కాదు."

పెద్దాయన బల్ల మీదికి వంగాడు. "మరేది?"

"నీ సగంలోది. చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే వచ్చే కణానికి ఒక మైనస్ పెట్టాలి కదా? మొదటి ఏడాది కుర్రాళ్ళు మర్చిపోయే మైనస్. నీ చిత్తుప్రతిలో అది లేదు. తర్వాత గుర్తొచ్చింది నాకు. అందుకే గుర్తు మర్చిపోవద్దన్నాను."

పెద్దాయన నల్లబల్ల వైపు తిరిగేలోపే కోడలి బుర్రలో లెక్క పరుగెత్తింది. పదిహేడో పేజీ దిద్దితే బావమరిది సగం తిరగబడుతుంది. ఇది నిజమైతే పెద్దాయన సగమూ తిరగబడుతుంది. రెండూ ఒకే వైపుకు తిరిగితే సున్నా కాదు, మునుపటంత ఫలితమూ అలాగే ఉంటుంది. కాకపోతే పెరగాల్సిన చోట తరుగుతుంది. సూత్రం చావలేదు, తలకిందులుగా బతికే ఉంది. సున్నాకు కారణం ఎందుకు దొరకలేదో ఇప్పుడు తెలిసింది. రెండు తప్పుల్లో ఒక్కటే దిద్దినందువల్ల వచ్చిన సున్నా అది.

"అమ్మాయ్, అక్కడే ఉన్నావా?" అంది ఫోను. "నా సగంలో పట్టుకున్నావంటే మంచి చెయ్యే నీది. మరి మీ మామగారి సగం సరిచూడలేదా?"

చేత్తో చేసిన రెండుసార్లూ, కంప్యూటర్లో చేసినప్పుడూ ఆ సగాన్ని కోడలు అచ్చులోంచి ఉన్నదున్నట్టు దించుకుంది. సరిచూడాలన్న ఆలోచనే రాలేదు. అది ఆయనది కాబట్టి.

ఆమె చేతిలోని ఫోను గుర్రుమంది. యంత్రం వాళ్ళ పెద్దావిడ నుంచి జవాబు: "అందింది. ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. సభ రద్దు చేశాం. ఆ మూడేళ్ళూ రెండో బృందానికి ఇస్తున్నట్టు నాలుగింటికి ప్రకటిస్తాం."

ఆమె దాన్ని పైకే చదివింది. అత్తగారికి అర్థమైంది ఒక్కటే. "ఇంకో ఉత్తరం రాసి పడెయ్యండి, ఇందాకటిది తప్పని!"

"సరిచూడకుండానా?" అంది కోడలు. "ఒకసారి పంపి చూశాం కదా అత్తయ్యా." ఆమె పెద్దాయన వైపు తిరిగింది. "మామయ్యగారూ, మీ సగం మొదటినుంచీ చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?"

పెద్దాయన గడియారం వంక చూశాడు. మూడూ ఇరవై ఎనిమిది.

"నాకు నాలుగు నెలలు పట్టింది" అన్నాడు.